ఆడినవారెవరు? ఆడించినవారెవరు?

హిందీ చలనచిత్రములలో వందలకొలది నృత్యములు సలిపిన హెలెన్ పేరు విననివారు మా పాఠకులలో అరుదుగా నుందురు. ఆ నృత్యములను తామెన్నడును చూడలేదని చెప్పువారు మాత్రము పెక్కురు కలరు. నిజముగా చూడనివారితో మాకు తగవు లేదు. చూచి, సంతోషించి, టిక్కెట్టు వెల గిట్టినదని తృప్తిచెంది, ఇంటికి వచ్చిన పిమ్మట "ఆమె మన పిల్ల కాదులే, దొరల సంతతి, వాళ్లకు సిగ్గూ ఎగ్గూ ఉండవు" అని ఇల్లాలికి సమాధానము చెప్పు పెద్దమనుష్యులతోనే మా తగవు. ఈ సమాధానము చూచుటకు చిన్నదే. కాని బొంబాయి చిత్ర వ్యాపారము ఇంచుమించు ముప్పదియేండ్లు దీనిమీదనే సాగినది. శీలమను మాటకు మన ఇండ్లలో మనమిచ్చుకొన్న అర్థము కూడ కొంతవరకు దీనిమీదనే నిలిచియున్నది.

ఆమె ఎవరో ముందు తెలిసికొందము. హెలెన్ 1938 నవంబరు 21వ తేదీన రంగూనులో జన్మించినది. తండ్రి ఆంగ్లో ఇండియను, తల్లి బర్మా స్త్రీ. రంగూనన్న తెలుగువారికి పరాయి ఊరు కాదు. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది జనులు 'రంగము' పోయి, ఓడరేవులో మూటలు మోసి, బియ్యపు మరలలో చెమటోడ్చి ఇండ్లకు డబ్బు పంపిరి. కోరంగి రేవునుబట్టి వారిని అచ్చట కోరంగీలనిరి. కొంతకాలమునకు ఆ పేరు తిట్టయ్యెను. 1930 మే నెలలో రేవుపనిని గూర్చి పుట్టిన తగాదాలో తెలుగు కూలీలు ఎందరో హతులైరి. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు ఆ నగరముపై పడెను. 1942 మార్చిలో నగరమే వారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు అడవులబడి, కొండలబడి స్వదేశమునకు దారిపట్టిరి. జ్వరముచేతను, ఆకలిచేతను త్రోవలో రాలినవారు వేలకొలది.

హెలెన్ తండ్రి ఆ యుద్ధకాలముననే మరణించెను. తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని కాలినడకను బయలుదేరెను. అప్పటికామె గర్భవతి. ఆ గర్భము త్రోవలోనే పోయెను. 1943లో వారు అస్సాములోని డిబ్రూగఢ్ చేరునప్పటికి ఎముకలపై చర్మము మాత్రమే మిగిలియుండెను. పిమ్మట కలకత్తాలో కుమారుడు మశూచికముతో పోయెను. మిగిలినవారు బొంబాయి చేరిరి. తల్లి నర్సుపని చేసెను. ఆ జీతము ఇల్లు గడచుటకు చాలకపోగా హెలెన్ బడి మానెను.

బర్మానుండి అట్లు నడచివచ్చిన తెలుగు కూలిని మనము కాందిశీకుడందుము. అతని కష్టమునకు కంటతడి పెట్టుదుము. అట్లే నడచివచ్చిన నాలుగైదేండ్ల పిల్లను మాత్రము విదేశీయురాలందుము. అడవి వారిద్దరి యెడలను ఈ భేదము చూపలేదు.

కుక్కూ అను ఆంగ్లో ఇండియను నర్తకి ఆ కుటుంబమునకు పరిచయస్థురాలు. ఆమె చేయిపట్టి తీసికొనిపోగా, 1951లో 'షబిస్తాన్', 'ఆవారా' చిత్రములలో గుంపుగా నాట్యమాడు బాలికల నడుమ హెలెన్ నిలిచెను. అప్పటికామెకు పండ్రెండు పదమూడేండ్లు. మన ఇండ్లలో ఆ యీడు పిల్ల పాఠశాలలో నుండవలసిన కాలము. కొన్నియేండ్లు చిన్న చిన్న వేషములతో గడచెను. 1958లో శక్తి సామంత తీసిన 'హౌరా బ్రిడ్జి'లో గీతా దత్ గళమునకు ఆమె చీనా యువతి వేషమున ఆడిన పాట దేశమంతట మారుమ్రోగెను. అది మొదలు ఆమెకు తీరిక లేదు. బర్మా తల్లికి పుట్టిన బిడ్డను చీనా స్త్రీ యనిరి. పిమ్మట అరబ్బు స్త్రీ యనిరి, జిప్సీ యనిరి. ఎన్ని దేశముల స్త్రీలైనను ఆమె యందు ఇమిడిరి గాని, మన ఇంటి కోడలు మాత్రము ఇమడలేదు.

ఇక పేరుల సంగతి. మాకు మిక్కిలి ముఖ్యముగా తోచిన విషయమిదియే. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషమునకు స్త్రీ దొరకలేదు. సాలుంకే అను పురుషుడా వేషము వేసెను. కులస్త్రీలు తెరపైకి రారైరి. వచ్చినచో ఇంట అడుగుపెట్టనిచ్చువారు లేరు. ఆ ఖాళీని నింపినవారు ఆంగ్లో ఇండియను బాలికలును, బాగ్దాదు యూదుల సంతతివారును. టెలిఫోను కార్యాలయములో పనిచేసిన రూబీ మయర్స్ అను యూదు యువతి సులోచన అయ్యెను. రెనీ స్మిత్ అను ఆంగ్లో ఇండియను బాలిక సీతాదేవి అయ్యెను. వీరు నాయికలు. నాయిక యన్న పూజింపదగినది. పూజింపదగినదానికి మన పేరుండవలెను. కనుక వారి తల్లిదండ్రులు పెట్టిన పేర్లను చెరిపివేసిరి.

హెలెన్ పేరును మాత్రము ఎవరును మార్చలేదు. ఎందువలన? ఆమెకిచ్చిన పనికి ఆ పేరే అక్కరకు వచ్చినది. 'గుమ్‌నామ్' (1965)లో ఆమె కిట్టీ, 'తీస్రీ మంజిల్' (1966)లో రూబీ, 'కారవాన్' (1971)లో మోనికా. సులోచనగా మారనిదే నాయిక కాజాలని రూబీ, నలువదియేండ్ల పిమ్మట క్లబ్బులో ఆడుటకు రూబీగానే తిరిగి వచ్చినది! నాయిక కావలసినప్పుడు పరదేశపు పిల్లకు మన పేరు పెట్టితిమి. పాపము మోయువారు కావలసినప్పుడు పరదేశపు పేరునే నిలిపితిమి. ఇందులో యాదృచ్ఛికమేదియు మాకు కనబడదు.

హిందీ చిత్రములలో దుష్టపాత్రలు ధరించినవారు హెలెన్ ఒక్కతెయే కాదు, బిందు మొదలగు మన స్త్రీలును కలరు గదా యని కొందరందురు. నిజమే. కాని 'జంజీర్' (1973)లో ఆ బిందు పాత్రకు పెట్టిన పేరేమి? మోనా. మన స్త్రీకే ఆ వేషము వేయవలసివచ్చినప్పుడు ఆమెకు పరాయిదనము తగిలించుట అవసరమయ్యెను. అంతకుముందే, 1955లో రాజ్ కపూర్ తీసిన 'శ్రీ 420' ఈ పాఠమును తేటగా చెప్పినది. అందు నిరాడంబరమైన పంతులమ్మ పేరు విద్య. ధనవంతుల విందులలో సిగరెట్టు కాల్చు స్త్రీ పేరు మాయ. ఆ మాయ వేషము ధరించిన నాదిరా బాగ్దాదు యూదుల సంతతి. చిత్రము చక్కనిదే, కాదనము. అందలి విద్య మాయల పంపకమే మాకు సమ్మతము కాదు.

ఈ పంపకమున ప్రేక్షకునికి కలిగిన లాభము తక్కువది కాదు. కథలో నాయకుడు క్లబ్బునకు పోవలెను. లేకున్న వినోదము లేదు. కాని నాయిక పోరాదు. అతడు పోయిన చోట హెలెన్ ఆడును. ప్రేక్షకుడు కన్నుల నిండ చూచును. ఆట ముగిసిన పిమ్మట నాయకుడు నిష్కల్మషముగా నాయికకడకు మరలును. ప్రేక్షకుడు కూడ అట్లే తన భార్యవైపు తిరిగి కూర్చుండును. ఆడిన పిల్ల గతి యేమి? తరచుగా చావే. 'తీస్రీ మంజిల్'లో రూబీ నాయకుని ప్రేమించి, అతని కోసము ప్రాణమిచ్చును. 'డాన్' (1978)లో తన ప్రియుని చంపినవానిపై పగ సాధింపవచ్చిన కామినియు చచ్చును. ప్రేమించుటయు, పగ తీర్చుకొనుటయు మన పురాణ స్త్రీలకు భూషణములే. ఈ పిల్ల చేసినచో కథకులు ఆమెను బ్రదుకనీయరు. చిత్రము మూడవ గంటలో ఆమె అడ్డము తొలగినగాని పెండ్లి ముహూర్తము కుదరదు కాబోలు.

ఆమె వస్త్రములను గూర్చి ఏవగించుకొనువారికొక సంగతి చెప్పవలెను. నర్తించునప్పుడు మేనిచాయ గల పలుచని ఉడుపును లోపల తొడుగుకొనుట ఆమె అలవాటు. ప్రేక్షకులు చర్మమనుకొని చూచినది చాలచోట్ల గుడ్డ! నగ్నత్వము తెరపైకన్న కుర్చీలలో నెక్కువగా నుండెనని దీనివలన తెలియుచున్నది. ఆమె పని యందు శ్రద్ధ ఎట్టిదో కూడ తెలియుచున్నది. చిన్నతనమున మణిపురి నృత్యము నేర్చినది. పీ. ఎల్. రాజ్ వంటి నృత్యదర్శకుల క్రింద సాధన చేసినది. 'ఇంతెకామ్' (1969)లో లతా మంగేష్కర్ గళమునకు ఆమె ఆడిన ఆటను చూచినవారు, శిక్షణ లేని ఒడలు అట్లు కదలునా అని తమ్ము తాము ప్రశ్నించుకొందురుగాక. ఆ పాటలన్నియు మంచివని మేమనుట లేదు. కథతో సంబంధము లేక అతికించినవి అనేకము. కెమెరాను నిలిపిన తీరే నీచముగా నున్నవి కొన్ని. కాని పాట వ్రాసినది ఆమె కాదు. కెమెరా నిలిపినది ఆమె కాదు. ఆ తీరునకు బజారులో గిరాకి కల్పించినది అంతకన్నను కాదు.

మన ప్రాంతమున ఈ తగవు క్రొత్తది కాదు. వీరేశలింగంపంతులుగారు భోగము మేళములను ఖండించిరి. రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు ఆ మేళములున్న సభలను విసర్జింపుడని బోధించిరి. పసిపిల్లలను ఆ వృత్తికి కట్టివేయుట అన్యాయము. ఆ మహనీయులు దానిపై కత్తి దూయుట న్యాయము. 1947లో మదరాసు రాజధానిలో దేవదాసీలుగా ముద్ర వేయుటను నిషేధించు శాసనము వచ్చినది. మంచిదే. కాని ఆ ఉద్యమమున మేళము మానుకొన్న పెద్దమనుష్యునికి పేరు వచ్చినది. ఆట మానిన స్త్రీకి అన్నము దొరకినదో లేదో అడిగినవారు కొద్దిమంది. ఆమె నృత్యమును పరిశుద్ధము చేసి కులీనుల పిల్లలకు నేర్పిరి. ఆమెకు మాత్రము ఆ వేదికపై చోటు లేకపోయెను. ఇక మేళము చూడగోరిన కన్నో? అది ఎక్కడికిని పోలేదు. పెండ్లిపందిరిలో కూర్చుండుట మాని సినిమా హాలులో కూర్చుండెను. పందిరిలో నున్నప్పుడు ఆడుదానిని కులము పేర వేరుచేసి తాను శుద్ధుడనుకొనెను. హాలులో జాతి పేర వేరుచేసి తాను శుద్ధుడనుకొనెను. 1973లో మర్చంట్ ఐవరీ సంస్థవారు హెలెన్‌ను గూర్చి ఒక చిన్న వాస్తవ చిత్రము తీసి, దానికి 'హెలెన్, క్వీన్ ఆఫ్ ది నాచ్ గర్ల్స్' అని పేరు పెట్టిరి. మేజువాణి అనగా దొరలు వాడిన మాటయే అది. మనవారు అంగీకరింపని చుట్టరికమును వారు ఒక్క మాటలో బయటపెట్టిరి.

మరి పదియేండ్లలో జరిగిన వింత చూడుడు. 1970 తరువాత జీనత్ అమాన్, పర్వీన్ బాబీ మొదలగు నాయికలే పొట్టి దుస్తులు ధరించి క్లబ్బు పాటలాడిరి. దుస్తులవియే, అడుగులవియే. హెలెన్ ఆడినప్పుడు సిగ్గులేనితనము, వారాడినప్పుడు ఫ్యాషను. నీతి దుస్తులలో నున్నదని వాదించినవారు అప్పుడేమి చెప్పిరో మాకు వినబడలేదు. హెలెన్‌కు మాత్రము పని తగ్గెను. నిందను మోయుటకు వేరొక మనిషి అవసరము లేకపోయినప్పుడు ఆ మనిషిని పిలుచుట మానిరి.

నటనకు తగిన వేషము దొరకినప్పుడు ఆమె ఏమి చేయగలదో 1979లో మహేశ్ భట్ తీసిన 'లహూ కే దో రంగ్' చూపినది. దానికి ఫిల్మ్‌ఫేర్ వారి ఉత్తమ సహాయనటి బహుమానము లభించెను. సినిమాలోకి వచ్చిన యిరువదియెనిమిదేండ్లకు! కొంతకాలము విరమించి, తిరిగి వచ్చిన పిమ్మట పెద్దముత్తైదువ వేషములు ధరించినది. 1996లో 'ఖామోషీ'లో అవ్వ. కాని గోవా క్రైస్తవుల ఇంటి అవ్వ. 1999లో 'హమ్ దిల్ దే చుకే సనమ్'లో నాయికను వలచిన యువకునికి తల్లి. కాని ఇటలీలో నివసించు తల్లి. అరువదియేండ్లు నిండి, తల నెరసిన వేషమున నిలిచినను, ఆమెను మన ఇంటి అరుగుమీద కూర్చుండబెట్టుటకు కథకునికి చేతులు రాలేదు. 2009లో ప్రభుత్వమువారు ఆమెకు పద్మశ్రీ యిచ్చిరి.

ఆమెను చేయిపట్టి తీసికొనివచ్చిన కుక్కూకు అట్టి బిరుదేదియు రాలేదు. ఒకప్పుడు ఆమె ఆటలేనిదే చిత్రము అమ్ముడుపోదనిరి. 1981లో ఆమె దారిద్ర్యముతోడను, రోగముతోడను బొంబాయిలోనే కన్నుమూసెను.