పేర్కొనడం అంటే

హైదరాబాదులో ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ రైలు యాకుత్‌పురా దాటాక ఆగే స్టేషను మాది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ‘ఉప్పుగూడల ఉంటం’ అంటారు. రైల్వేవారి ఇంగ్లిషు రాతలో మాత్రం పేరు మొదట ఒక హకారం చేరి అది హుప్పుగూడ అయింది. ఆ పేరు చూసినప్పుడల్లా మనల్ని పిలవబోయి ఇంకెవరినో పిలిచినట్టుంటుంది. రైలు ఆగుతుంది, మనం దిగుతాం, నష్టమేమీ లేదు. అయినా మన పేరును మన నోట పలికినట్టే ఎదుటివారూ పలికితే మనసు నిండుతుంది. అలా పలకడానికి తెలుగులో ఒక నిండైన క్రియ ఉంది. అది ‘పేర్కొను’. ఈ సంచిక కోసం వచ్చిన రాతలు దిద్దుతూ కూర్చున్నప్పుడు, ఆ క్రియ గురించే మాట్లాడాలనిపించింది.

మాకు అందే సభా విశేషాల్లో ‘అన్నారు’ అనే మాట దాదాపు కనిపించడం లేదు. మొదటి వక్త పేర్కొన్నారు, రెండో వక్త అభిప్రాయపడ్డారు, ముఖ్య అతిథి ఉద్ఘాటించారు. ‘సాహిత్యం సమాజానికి అవసరమని పలువురు పేర్కొన్నారు’ అనే వాక్యం ఏ ఊరి సభకైనా సరిపోతుంది. ఆ వాక్యంలో కవి పేరు లేదు, పుస్తకం పేరు లేదు, చివరికి మాట్లాడినవారి పేరూ లేదు. పేరు మోయవలసిన క్రియ పేరు లేకుండా వచ్చింది. ‘అన్నారు’ అంటే పలచగా ఉంటుందని, సభకు తగిన గౌరవం ఉండదని రాసేవారి భయం కావచ్చు. కానీ గౌరవం క్రియ పొడవులో ఉండదు.

ఈ మాట పుట్టుక చూడండి. పేరు, కొను కలిసి పేర్కొను అయింది. కొనడమంటే తీసుకోవడం. అంగడిలో వెల ఇచ్చి తీసుకోవడమూ కొనడమే. ఒకరి పేరు మన నోట తీసుకున్నామంటే వారిని గుంపులోంచి వేరుగా చూశామని, వారి గురించి ఎవరైనా అడిగితే జవాబు చెబుతామని అర్థం. అందుకే ‘పేర్కొనదగిన’ అంటే విలువైన అనే అర్థం వచ్చింది. పేరు చెప్పడం, విలువ కట్టడం తెలుగులో ఒకే క్రియలో ఒదిగాయి.

దీని చుట్టాలదీ అదే దారి. ఎన్నడమంటే లెక్కపెట్టడం. అందులోంచే ‘ఎన్నదగిన’ వచ్చింది, ఓటు వేసి ఒకరిని నిలబెట్టే ఎన్నికా వచ్చింది. ‘పేరెన్నికగన్న’ అనే మాటలో పేరు, లెక్క, గౌరవం మూడూ పక్కపక్కనే కూర్చున్నాయి. గణించడం, పరిగణించడం కూడా లెక్కలోంచి మన్నన దాకా నడిచిన మాటలే. ఇక మా వాడకట్టు మాట వినండి. ‘వాడు నన్ను మనిషి లెక్క చూస్తలేడు’ అంటారు. అక్కడ లెక్క అంటే ‘లాగా’ అని అర్థం. అయినా ఆ మాట అన్నవారి గొంతులో, తనను లెక్కలోకి తీసుకోలేదన్న బాధ వినిపిస్తుంది. చదువుకున్నవారి ‘పరిగణించు’ కంటే ఇది ఏ మాత్రం తక్కువ మాట కాదు.

పేరు సరిగా చెప్పకపోతే విలువ మారిపోతుందని ఈ నగరం ఒకప్పుడు రోజూ చేతితో తడిమి తెలుసుకుంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా ఉండేది, బ్రిటిషువారి కల్దారూ తెలిసినదే. రెండూ రూపాయలే. కానీ సుమారుగా ఏడు హాలీలైతేనే ఆరు కల్దార్లు. 1948లో హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలిసిన తరవాత కూడా కొన్నేళ్లు హాలీ చెల్లింది. అటువంటి కాలంలో వంద రూపాయలు అంటే చాలదు, ఏ రూపాయో పేర్కొనాలి. ఒక్క మాట వదిలేస్తే ఇచ్చేవారో పుచ్చుకునేవారో మునిగిపోతారు.

సాహిత్యంలో ఈ సంగతి ఇంకా పెద్దగా రుజువైంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని అప్పట్లో ఒక విమర్శ వచ్చింది. పూజ్యం చిత్రమైన మాట. పూజించదగినదీ పూజ్యమే, సున్నా కూడా పూజ్యమే. అక్కడ ఉద్దేశించింది సున్నాను. సురవరం ప్రతాపరెడ్డి దానికి కోపంతో జవాబు రాసి ఊరుకోవచ్చు. 1926 నుంచి గోలకొండ పత్రిక ఆయన చేతిలోనే ఉంది, రాయడానికి చోటుకు లోటు లేదు. ఆయన మాత్రం పేర్లు సేకరించారు. 1934లో వెలువడ్డ గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు నిలబడ్డారు. వారిలో కవయిత్రులూ ఉన్నారు. ‘మాకూ చాలామంది కవులున్నారు’ అని ఉంటే ఆ వాదం ఆ రోజుతోనే ముగిసేది. ఒక్కొక్కరినీ పేర్కొన్నారు కనుక తొంభై ఏళ్ల తరవాత కూడా ఆ సంచికను తలుచుకుంటున్నాం. సున్నా అన్నచోట 354 పేర్లు పెట్టడం కంటే గట్టి జవాబు ఉండదు. ఇటీవల హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పేర్లు పోగుచేసినవాడి పేరు నిలవడం న్యాయమే.

ఆ సంచికను పక్కన పెట్టుకుని మన ఇప్పటి వ్యాసాలు చదివితే ‘తదితరులు’ అనే మాట దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది. ముందు వరసలోని నాలుగు పేర్లు రాసి, మిగిలినవారిని ఆ ఒక్క మాటలోకి తోసేస్తాం. అలా తోసేటప్పుడు ఎక్కువసార్లు జారిపోయేది ఆడవాళ్లు, కొత్తగా రాస్తున్నవాళ్లు, నగరానికి ఇటు చివర ఉండి రాసేవాళ్లు. ‘పేర్కొనదగిన కథలు కొన్ని వచ్చాయి’ అని రాసి ఒక్క కథనూ పేర్కొనకపోవడం అలవాటైపోయింది. అది ఆ కథకులకు రావలసిన బాకీ ఎగ్గొట్టడమే.

అందుకే వచ్చే సంచిక నుంచి మా పత్రికలో ఒక కట్టుబాటు పాటించదలిచాం. ఎవరైనా ఒక మాట అంటే ‘అన్నారు’ అనే రాస్తాం. ఏ మాటకు పడితే ఆ మాటకు ‘పేర్కొన్నారు’ అని రాయం. ‘పేర్కొనదగిన’ అని ఎవరైనా రాస్తే, ఆ పక్కనే పేరు ఉండాలి, ఎందుకు పేర్కొనాలో ఒక్క వాక్యమైనా ఉండాలి. సభలో చదివిన ప్రతి కవి పేరునూ, వారు చెప్పుకునే తీరులోనే, అచ్చు వేస్తాం. అక్షరం తప్పుపడితే మరుసటి సంచికలో దిద్దుతాం. ఇందుకు పుటలు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. కొనడమన్నాక వెల ఇవ్వాలి కదా.

రచయితలకు మా విన్నపం ఒక్కటే. మీ వ్యాసం పంపే ముందు ‘తదితరులు’ అన్నచోట కలం ఆపండి. ఆ మాట వెనక ఎవరున్నారో గుర్తు చేసుకుని, వారి పేర్లు రాయండి.