పరదేశపు ఆటగానికి మన మిచ్చు గడువు

ఆటస్థలము చుట్టును నిలుచువారికి ఒక వాడుక కలదు. క్రొత్తగా జట్టులో చేరిన ఫార్వర్డు మొదటి మూడు నాలుగు ఆటలలో గోలు చేయలేకపోయెనా, "వీనికై ఇంత సొమ్మేల పోసిరి?" అని తీర్పు చెప్పివేయుదురు. అతడు దూరదేశమునుండి వచ్చినవాడైనచో ఆ తీర్పు మరింత కఠినముగా నుండును. ఈ వాడుక న్యాయము కాదనియు, ఆటకు మేలు చేయదనియు, అది ఆటస్థలము దాటి మన తరగతులలోనికి వచ్చినపుడు మిక్కిలి హాని చేయుననియు నా యభిప్రాయము. మన విద్యార్థులలో పలువురు సాయంకాలము ఫుట్‌బాలు ఆడువారు, సెలవుదినములలో పెద్ద జట్ల పందెములను తెరపై చూచువారు. కావున ఈ సంగతిని వారితోను వారి తలిదండ్రులతోను విచారింప గోరుచున్నాను.

మన తెలుగువారి కెరుకయైన ఉదాహరణమునే మొదట తీసికొందము. ఇండియన్ సూపర్ లీగు అను పోటీలో హైదరాబాదు పేర ఒక జట్టు 2019లో వెలసినది. మొదటి యేట, అనగా 2019-20లో, ఆ జట్టు 18 ఆటలాడి రెండింట మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో అన్నిటికంటె కడపట నిలిచెను. ఆ జట్టులో ఫార్వర్డు లేకపోలేదు. బ్రెజిలు దేశస్థుడైన మార్సెలీన్యో అందులో నుండెను. అతడు 2016లో ఢిల్లీ జట్టు పక్షమున 10 గోలులు చేసి, ఆ పోటీ కంతటికిని అగ్రగణ్యుడైనవాడు. హైదరాబాదునకును 7 గోలులు చేసియిచ్చెను. అయినను జట్టు తేరుకొనలేదు. ఒక్కని కాలిబలముచేత పదునొకండుగురి ఆట నిలువదని దీనివలన తేటపడుచున్నది.

రెండేండ్లు గడచినవి. స్పెయిను దేశస్థుడగు మనోలో మార్కెజు శిక్షకుడుగా ఉండగా, 2022 మార్చి 20వ తేదీన గోవాలోని మడగాము పట్టణమున అదే హైదరాబాదు జట్టు కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి కప్పు గెలిచెను. ఆ యేట 18 గోలులు చేసి బంగారు బూటు అందుకొన్నవాడు నైజీరియా దేశస్థుడు బార్తొలొమ్యూ ఒగ్బెచే. ఇతడు 2002లో ప్రపంచ కప్పు పోటీలలో తన దేశముతరపున ఆడినవాడు. 2018లో మనదేశమునకు వచ్చి ఈశాన్య ప్రాంతపు జట్టుకు 12 గోలులును, మరుసటియేట కేరళకు 15 గోలులును చేసెను. తరువాత 2020-21లో ముంబయి జట్టున చేరెను. ఆ యేట ముంబయి జట్టు లీగు షీల్డును కప్పును రెండింటిని గెలిచినను, ఒగ్బెచే చేసిన గోలులు ఎనిమిదే. ఇంగ్లండు దేశస్థుడైన ఆడమ్ లే ఫాండ్రుతో ఫార్వర్డు స్థానము పంచుకొనవలసి వచ్చెను. అప్పటికే వయస్సు 36. ఇక నితని పని తీరినదని ఎవరైన ననుకొనియుండినచో వారిని తప్పుపట్టజాలము. అట్టివాడే మరుసటియేట హైదరాబాదులో 18 గోలులు చేసెను. కాళ్లు అవియే, మనిషియు నాతడే. వయస్సు ఒక యేడు పెరిగినది కూడ. మారిన దేమన, చుట్టునున్న జట్టును, ఆ జట్టులో అతని కొసగబడిన చోటును.

దీని కారణమును విద్యార్థులు చక్కగా గ్రహింపవలెను. గోలురక్షకుని పని ఏ దేశమునందైనను ఇంచుమించుగా నొక్కటే. ఫార్వర్డు పని అట్టిది కాదు. అతడు వరిచేలో కోతకు వచ్చినవానివంటివాడు. దున్నినవారు, నాటినవారు, నీరు పెట్టినవారు వేరు. బంతి అతని కాలికి చేరులోపల అయిదారుగురి కాళ్లను దాటివచ్చును. నడిమివరుసవాడు బంతిని పాదమునకే అందించునా, లేక రక్షకుల వెనుకనున్న ఖాళీచోటికి విడుచునా యన్నది ఫార్వర్డునకు ముందుగనే తెలియవలెను. ఒక్క క్షణము ముందు పరుగెత్తెనా, ఆఫ్‌సైడని ఈల మ్రోగును. ఒక్క క్షణము వెనుకబడెనా, రక్షకుడు బంతిని తన్నివేయును. ఈ క్షణజ్ఞానము పుస్తకమువలన రాదు, సొమ్ముచేతను కొనబడదు. కలిసి ఆడగా ఆడగా వచ్చును. దీనికితోడు క్రొత్త వాతావరణము, క్రొత్త తిండి, క్రొత్త భాష, దూరముననున్న కుటుంబము. మన తీరప్రాంతపు ఉక్కలో ఒక గంట పరుగెత్తినవానికి, చలిదేశమునుండి వచ్చినవాని పాటు ఎట్టిదో చెప్పనక్కరలేదు. 2021-22 మొదలు ఈ లీగులో ఒక్కొక్క జట్టుకు నలుగురు విదేశీయులకంటె నెక్కువమంది ఒకేమారు ఆటస్థలమున నుండరాదని నిబంధన వచ్చెను. అనగా పరదేశపు ఫార్వర్డు తక్కిన యేడుగురు భారతీయుల నడకను, చూపును, సైగను నేర్చుకొనక తప్పదు.

ప్రపంచ ప్రసిద్ధులకును ఈ కష్టము తప్పలేదు. ఫ్రాన్సు దేశస్థుడైన తియెరీ ఆన్రీ 1999లో ఇటలీలోని యువెంటసు జట్టున కొన్ని మాసములుండి రాణింపలేకపోయెను. వారతనిని ప్రక్కవరుసలో ఆడించిరి. ఆ సంవత్సరము ఆగస్టులో ఇంగ్లండులోని ఆర్సెనలు జట్టు అతనిని తీసికొని నడుమ నిలిపెను. అక్కడను వెంటనే ఫలము కనబడలేదు. సెప్టెంబరులో గాని మొదటి గోలు రాలేదు. అప్పుడే అతనిని ప్రక్కకు త్రోసివేసియుండినచో, ఆ జట్టుకు తరువాత లభించిన 228 గోలులు లభించియుండెడివి కావు. ఆ జట్టు చరిత్రలో అంతకుమించి గోలులు చేసినవాడు లేడు. ఇందుకు మారుగా, వేల్సు దేశస్థుడగు ఇయన్ రష్షు 1987లో లివర్‌పూలు విడిచి యువెంటసునకు వెళ్లి, అక్కడ కుదురుకొనలేక ఒక్క యేటికే 1988లో మరలివచ్చి, తన పూర్వపు జట్టులో మరల వెలుగొందెను. నైజీరియావాడైన చీమా ఒకోరి 1980వ దశాబ్దిలో విద్యార్థిగా మనదేశమునకు వచ్చి, కలకత్తాలోని మొహమ్మడన్ స్పోర్టింగు, ఈస్టు బెంగాలు, మోహను బాగాను అను మూడు జట్లయందును పేరు గడించెను. 1990వ దశాబ్దిలో ఐరోపాకు వెళ్లి ఆడినపుడు ఆ పేరు అక్కడ నిలువలేదు. తిరిగి కలకత్తాకు రాగా మరల గోలులు వచ్చినవి. వీరిలో అసమర్థుడెవడు? ఎవడును కాడు. ఒక నేలలో పెరిగిన మొక్క మరియొక నేల కలవాటు పడుటకు కాలము పట్టును. కొన్ని మొక్కలు అలవాటు పడనే పడవు.

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నారుమడిలో పచ్చగా నిగనిగలాడు నారును పెరికి, కట్టలు కట్టి, పొలమున ఊడ్చిన తరువాత మొదటి వారమున ఆ చేనెట్లుండును? ఆకులు పసుపుబారి వాలియుండును. తెలియనివాడు చూచినచో పంట పోయినదనుకొనును. రైతు అట్లనుకొని మరల దున్నివేయడు. వేరు పట్టుకొనువరకు మడిలో నీరు సరిగా నుండునట్లు కావలి కాయుచు వేచియుండును. కొన్ని దినములకు చేను తేరుకొనును. నారు బలహీనమైనదని రైతు నిందింపడు. పెరికి నాటినదని యెరుగును.

"ఇది బాగుగనేయున్నది. కాని వేలు లక్షలు పుచ్చుకొని వచ్చినవాడు తగిన ఫలము చూపవలదా? పేదరైతు నారుతో అతనికి పోలికేమి?" అని యొకరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. జీతము పుచ్చుకొన్నవాడు పని చేయవలసినదే. శ్రద్ధ లేనివానిని, సాధనకు రానివానిని, జట్టువారితో మాటాడనొల్లనివానిని తప్పుపట్టుట న్యాయమే. నేను కోరునది కనికరము మాత్రమే కాదు, సరియైన కొలత. మొదటి మాసములలో లెక్కింపవలసినది గోలులను కాదు. అతడు ఖాళీచోట్లు వెదకుచున్నాడా, బంతి పోయినపుడు తిరిగి సంపాదించుటకు పరుగెత్తుచున్నాడా, తోడివారి పేళ్లు నేర్చుకొన్నాడా యన్నది చూడవలెను. ఇవి యున్నచో గోలులు వెనుకనుండి వచ్చుట కవకాశము కలదు. ఇవి లేనిచో ఒకటి రెండు గోలులు వచ్చినను నిలువవు. ఒక సంవత్సరకాలము ఈ కొలతతో చూచి, అప్పటికిని కుదురనిచో, రష్షునువలె మర్యాదతో సాగనంపుట ఉభయులకును మేలు.

అతిథేయుల బాధ్యతయు తక్కువది కాదు. 2023-24లో హైదరాబాదు జట్టు ధనపు చిక్కులలో పడెను. విదేశీయులైన ఆటగాండ్రు నడుమనే విడిచిపోయిరి. జట్టు 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, కప్పు గెలిచిన రెండేండ్లకే తిరిగి కడపటి స్థానమునకు దిగిపోయెను. 2025లో ఢిల్లీకి తరలిపోయెను. పిలిచినవారు తమ మాట నిలుపుకొననిచో, వచ్చినవాడు ఎంత నేర్పరియైనను ఏమి చేయగలడు?

మన బైబిలు గ్రంథములోని రూతు చరిత్రమును విద్యార్థులెరుగుదురు. మోయాబు దేశమునుండి వచ్చిన ఆ పరదేశిని బేత్లెహేము పొలములలో పరిగె ఏరుకొనుచుండగా, బోయజు ఆమెకు జాలిమాటలు చెప్పి ఊరకుండలేదు. ఆమెకై పనలలోనుండి కొన్ని వెన్నులు కావలెననియే విడువుడనియు, ఆమెను గద్దింపవలదనియు కోతవాండ్ర కాజ్ఞాపించెను. క్రొత్తవానికి తోడివారు చేయదగిన సాయ మిట్టిదే. అతడు తనంతట ఏరుకొనును, కాని ఏరుకొనుటకు చాలినంత అతని దారిలో విడువవలెను. నడిమివరుసవాడు బంతిని తానే తన్ని పేరు తెచ్చుకొనుట మాని ఫార్వర్డు కాలికి విడుచుట బోయజు పొలములోని నీతియే.

మన మిషను చరిత్రమునుండియు ఒకమాట. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు మచిలీపట్టణమున దిగిరి. ఫాక్సు ఆరోగ్యము మన యెండలకు తాళలేకపోయెను. స్వదేశమునకు మరలి 1848లో చిన్నవయస్సుననే మరణించెను. నోబులు తెలుగు నేర్చి, 1843లో పాఠశాల తెరచి, 1865లో మరణించువరకు ఆ పట్టణమునే తన యూరుగా చేసికొనెను. మొదటి రెండు సంవత్సరములలో ఫలము లెక్కించియుండినచో నోబులు ఖాతాలో ఏమి కనబడియుండెడిది? ఆ పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాలయై తరతరములకు విద్య నొసగినది. ఫాక్సు వెనుదిరిగినందున అతడు సోమరియని చెప్పు సాహసము ఎవరికిని లేదు. ఒకే ఓడలో వచ్చినవారికిని నేల ఒకేరీతిగా అమరదు.

ఇక మన తరగతులను చూతము. ఏటేట నాగాయలంక, అవనిగడ్డ, కైకలూరు ప్రాంతములనుండి పిల్లలు బెజవాడ వసతిగృహములకు వచ్చుచున్నారు. స్వగ్రామమున మొదటివాడుగా నుండిన బాలుడు ఇక్కడ మొదటి పరీక్షలో ఇరువదవవాడగును. ఒరిస్సానుండి ఇటుకబట్టీల పనికి వచ్చినవారి బిడ్డలు మన రాష్ట్రమున కొన్ని బడులలో కడపటి బల్లపై కూర్చుండి, ఉపాధ్యాయుడు చెప్పు తెలుగు తెలియక మౌనముగా నుందురు. మౌనమును మందబుద్ధి యని వ్రాసివేయుట మనకు సులభము. ఒకసారి అట్లు వ్రాయబడినవాడు ఆ వ్రాతనే నమ్మి, అట్లే యగుట నేను ఇరువదియేండ్ల ఉపాధ్యాయవృత్తిలో చూచితిని. ఆటస్థలమున తొందరపాటు తీర్పువలన పోవునది ఒక పందెము. ఇక్కడ పోవునది ఒక బ్రతుకు.

తలిదండ్రులారా, మీలో పలువురి బిడ్డలు, తమ్ములు, మేనల్లుండ్రు అమెరికాలోను ఆస్ట్రేలియాలోను చదువుచు, ఉద్యోగములు చేయుచున్నారు. వారు అక్కడ దిగిన మొదటి మాసమున వారి ఉచ్చారణను విని ఒకరు నవ్వినచో మీ హృదయ మెట్లుండును? వారికి ఒక సంవత్సరము గడువీయవలెనని మీరు కోరరా? మన సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము 1950వ దశాబ్దిలో కలకత్తాకు వెళ్లి ఈస్టు బెంగాలు జట్టున ఆడెను. బంగాళీయు లతనిని తమవానిగా చేసికొనిరి. అతడు 2023లో మరణించువరకు ఆ దేశమునందే నివసించెను. మనవానికి వారిచ్చిన చోటు, మన చెంతకు వచ్చినవానికి మనము ఈయవలసిన అప్పు.

కావున విద్యార్థులారా, ఈ సంవత్సరము జూనులో మీ బల్లపై క్రొత్తవాడు వచ్చి కూర్చుండినపుడు అతని మార్కులు అడుగకుడు, పేరడుగుడు. సాయంకాలము ఆటకు పిలువుడు. బంతి మీ కాలికి వచ్చినపుడు ఒకమారు అతని వైపు విడువుడు. మొదటిసారి అతడు తప్పుగా తన్నును, రెండవసారియు తప్పుగా తన్నవచ్చును. మూడవసారియు విడువుడు.