మ్యాచింగ్ గుడ్డలు, మ్యాచ్ కాని కూలి

టేబుల్ రన్నర్ అనే వస్తువు మన ఇళ్ళలోకి ఎప్పుడు దూరిందో గానీ, డైనింగ్ టేబుల్ కొన్నవాళ్ళందరికీ ఇప్పుడు అదొకటి కావాలి. తెలియనివాళ్ళ కోసం: బల్ల మధ్యలో పొడుగ్గా పరిచే గుడ్డ పట్టీ. క్విల్టెడ్ రన్నర్ అయితే పైన రంగురంగుల ముక్కలు, లోపల పల్చటి దూది పొర, కింద అస్తరు, మూడింటినీ కలుపుతూ కుట్లు. అంటే ఏంటన్నమాట? బొంతే కదా! వెడల్పు పద్నాలుగు అంగుళాలకి తగ్గించి ఇంగ్లీషు పేరు పెట్టారు, అంతే.

బాన్సువాడ వైపు వాళ్ళకి బొంత గురించి నేను చెప్పక్కర్లేదు. మాకు మహారాష్ట్రా దగ్గరే, కర్ణాటకా దగ్గరే. మరాఠీవాళ్ళు గోధడి అంటారు, కన్నడంవాళ్ళు కౌది అంటారు. ఎవరేమన్నా సరుకు ఒకటే: మెత్తబడ్డ నూలు చీరలు, ధోవతులు. పొరలుగా పరిచి, ముడతల్లేకుండా లాగి, టాకాలేసి, ఆ తర్వాత అసలు కుట్టు.

ఇప్పుడేమో ఒకదానికొకటి నప్పే గుడ్డలు కట్టగట్టి మరీ అమ్ముతున్నారు. కొత్త గుడ్డ కొనడం, ముక్కలు చేయడం, మళ్ళీ అతికించడం! సరదాకి చేసుకునేవాళ్ళని నేనేమీ అనను. కానీ మన ఇళ్ళలో బీరువా నిండా జాకెట్టు ముక్కలుంటాయి కదండీ. పేరంటానికి వెళ్తే ఒకటి, పెళ్ళికి వెళ్తే ఒకటి. ఎవరూ కుట్టించుకోరు, ఇంకొకరికి పెట్టేస్తారు. గమ్యం లేని ప్యాకెట్ల లాగా ఊరంతా తిరుగుతూనే ఉంటాయవి :)

వాటిలోంచి మూడు తీయండి. పెద్ద పువ్వులది ఒకటి, సన్న చుక్కలది ఒకటి, ఆ పువ్వులోని ఏదో ఒక రంగులో సాదాది ఒకటి. మ్యాచింగ్ అంటే ఇంతే. నూలుదో కాదో అనుమానముంటే ఒక పోగు తీసి కాల్చి చూడండి: నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండవుతుంది. కుట్టేముందే తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులో ఒక ముక్క కుంచించుకుని రన్నరంతా మెలి తిరుగుతుంది. రంగు పోయే ముక్క కూడా అప్పుడే దొరికిపోతుంది.

ఇంతకీ నా గొడవ గుడ్డల గురించి కాదు, కుట్టు గురించి. ఆరడుగుల రన్నర్ మీద అరంగుళానికో వరస చొప్పున 28 వరసలు. మొత్తం 168 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లంటే ఎనిమిది వేల పైచిలుకు! కుట్టుకి రెండు సెకన్లు వేసుకున్నా నాలుగున్నర గంటలు. సూదిలో దారం ఎక్కించడం, కత్తిరించడం, టాకాలు, అంచు మడిచి కుట్టడం ఇందులో కలపలేదు.

ఇంత పనికి మనం ఏమంటాం? "పాత గుడ్డలే కదమ్మా, ఖర్చేముంది" అని బేరం మొదలెడతాం. ఇదే మాట మన క్లయింటు అని చూడమనండి... "లినక్స్ ఊరికే దొరికిందిగా, మీకు గంటకి ఇంతెందుకు" అంటే ఒళ్ళు మండదూ? ఏసీ గదిలో మనకి తెలిసిన లెక్క, అరుగు మీద కూర్చుని కుట్టే ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో!

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పాత ప్యాంట్లు, చొక్కాలు చింపి చలికి కుట్టుకున్న బొంతల్ని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడకి వేలాడదీశారు. 2006లో తపాలా బిళ్ళలూ వేశారు. అవీ పాత గుడ్డలే మరి.

మిషన్ మీద కుట్టించుకుంటే నాకేం అభ్యంతరం లేదు, త్వరగా అవుతుంది, చవగ్గా అవుతుంది. చేత్తోనే కావాలంటే మాత్రం ముక్కలు చేతికిచ్చేముందే రోజు కూలి లెక్కన మాట్లాడుకోండి. దారం డబ్బులు విడిగా ఇవ్వండి.