మ్యాప్ మార్చే ముందు చేంజ్ లాగ్ అడగండి

మనవాళ్ళకో విచిత్రమైన అలవాటుంది. ఆఫీసులో కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను మార్చాలన్నా కోడ్ రివ్యూ, టెస్ట్ రిపోర్టు, రోల్‌బ్యాక్ ప్లాను, మేనేజరు నుంచి ఓకే అని మెయిలు, ఇవన్నీ లేనిదే కదలం. శనివారం వచ్చేసరికి మాత్రం ముప్ఫై లక్షల కారుని తీసుకెళ్ళి, ముక్కూమొహం తెలియని మనిషి లాప్‌టాప్‌కి తగిలించి "స్టేజ్ వన్ కొట్టెయ్ బాసూ" అంటాం. ఆ ఫైల్లో ఏముందో అడగం, ఏం మారిందో అడగం. ఎంత పవరు పెరిగింది అని ఒక్కటే అడుగుతాం. అతను ఒక నంబరు చెప్తాడు. సోమవారం అదే నంబరు మనం లంచ్ టేబుల్ దగ్గర చెప్తాం.

నేను ట్యూనింగుకి వ్యతిరేకిని కాదని ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కార్ల పిచ్చోళ్ళు నా మీద పడిపోతారు :) సొంత డబ్బు, సొంత కారు, సరదా పడితే తప్పేం లేదు. నా గొడవల్లా సరదా గురించి కాదు, పద్ధతి గురించి.

ఇదంతా ఎందుకు మొదలైందంటే, మా బాబాయి కొడుకు రెజిమెంటల్ బజార్‌లో ఉంటాడు. సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరం. పేరులోనే ఉంది కదా, కంటోన్మెంటు పటాలాల వెంట పుట్టిన బజారు. ఆ సందుల్లో రెండు ఆటోలు ఎదురెదురుగా వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి చోట వాడు సెకండ్‌హ్యాండ్‌లో స్కోడా సూపర్బ్ కొన్నాడు. 2017 మోడలు, 1.8 టీఎస్ఐ, ఆటోమేటిక్. కొని నెల కాలేదు, ఫోను. "అన్నా, స్టేజ్ వన్ చేయిద్దామనుకుంటున్న. ఇంజన్ల మస్తు దమ్ముందట, కంపెనోడే తాళమేసి పెట్టిండట. ఏమంటవ్?"

వాడి మాటలో సగం నిజం ఉంది. ఆ మిగతా సగమే ఖరీదైనది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. టర్బో ఇంజన్లో ఎగ్జాస్టు గాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి తోస్తుంది. ఎంత ఒత్తిడి, ఎంత పెట్రోలు, స్పార్కు ఎప్పుడు, ఇవన్నీ ఈసీయూలో ఉన్న పట్టికలు చెప్తాయి. ఆ పట్టికలనే మ్యాపులు అంటారు. స్టేజ్ వన్ అంటే ఏ పార్టూ ముట్టుకోకుండా ఈ పట్టికలు మార్చడం. స్టేజ్ టూ అంటే ఎగ్జాస్టు డౌన్‌పైపు, ఇన్‌టేకు, ఇంటర్‌కూలరు లాంటివి కూడా మార్చడం. ఆ పైన పెద్ద టర్బో. టర్బో లేని ఇంజన్లో మ్యాపు ఎంత మార్చినా వచ్చేది పిసరంత. టర్బో ఉన్నదాంట్లో గాలి ఒత్తిడి మన చేతిలో ఉంటుంది కాబట్టి ఒక్క ఫైలుతో 30, 40 శాతం టార్కు పెరగడం కూడా మామూలే. అందుకే ఈ పిచ్చంతా టర్బో సెడాన్ల చుట్టూ తిరుగుతుంది.

కంపెనీ తాళం వేయడం కూడా నిజమే. 2004లో మన దేశానికి వచ్చిన పాత ఆక్టేవియా వీఆర్ఎస్ 1.8 టర్బో యూరప్‌లో 180 హార్స్‌పవరు, ఇక్కడ 150. చూస్తే ఎవరి చెయ్యి దురద పెట్టదు?

ఇప్పుడు మావాడి సూపర్బ్ సంగతి. ఈ బండి 2016లో ఇక్కడికి వచ్చినప్పుడు అదే 1.8 ఇంజన్, అదే 180 హార్స్‌పవరు, మాన్యువల్ గేరుబాక్సుతో 320 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చేది. ఆటోమేటిక్‌లో 250 మాత్రమే. ఒకే ఇంజన్‌కి రెండు అంకెలెందుకు? ఎందుకంటే ఆటోమేటిక్‌లో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ. రెండు డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్లో మునగకుండా పొడిగా పనిచేసేవి. దానికి తయారీదారు పెట్టిన పరిమితే 250. ఇంజన్‌కి తాళం వేసింది ఇంజన్ కోసం కాదు, దాని వెనకున్న గేరుబాక్సు కోసం. డేటాబేస్ నిమిషానికి వెయ్యి కనెక్షన్లే తట్టుకుంటుందని ముందున్న సర్వర్‌కి రేట్ లిమిట్ పెడతాం కదా, అచ్చం అదే. ఇప్పుడొకడొచ్చి "మీ సర్వర్లో బోలెడు సీపీయూ ఖాళీగా ఉంది, లిమిట్ తీసేస్తా" అంటే మీరేం అంటారు?

అసలు కథ ఇంకా ముందుంది. ఈ కార్లలో ఇంజన్ ఈసీయూ తాను ఎంత టార్కు ఇస్తోందో ఎప్పటికప్పుడు గేరుబాక్సు కంప్యూటర్‌కి చెప్తుంది. ఆ లెక్కను బట్టి గేరుబాక్సు క్లచ్‌ని ఎంత గట్టిగా పట్టుకోవాలో నిర్ణయించుకుంటుంది. కొన్ని చవకరకం ఫైళ్ళలో ఏం చేస్తారంటే, గేరుబాక్సు అడ్డుపడకుండా ఉండటానికి ఈసీయూ చేత తక్కువ చెప్పిస్తారు. ఇచ్చేది 340, చెప్పేది 250. ఏపీఐ అబద్ధం చెప్తుంటే కింద ఉన్న సర్వీసు ఏం చేయగలదు? క్లచ్ 250కి సరిపడా పట్టుకుంటుంది, జారుతుంది, వేడెక్కుతుంది. డ్రై క్లచ్‌కి చల్లబరిచే ఆయిలు కూడా లేదాయె. మొదటి నెల డ్రైవరుకి ఏమీ తెలియదు, పైగా "బండి ఎగురుతోంది" అని సంబరం. బిల్లు తర్వాత వస్తుంది, లక్షల్లో.

దీనికి అన్న ఇంకోటి, ఎర్రర్ కోడ్లు మ్యూట్ చేయడం. స్టేజ్ టూలో క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైపు పెడితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి ఆ ఫాల్టు కోడ్‌నే ఫైల్లోంచి తీసేస్తారు. ఎక్సెప్షన్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాకు రాసిన ఫ్రెషర్‌ని మనం ఎంత తిట్టి ఉంటాం! ఇక్కడ అదే పనికి ఎదురు డబ్బులిస్తున్నాం.

"కంపెనీ మార్జిన్ వదులుతుంది కదా, అది వాడుకుంటే తప్పేంటి?" అని అడిగాడు తమ్ముడు. వదులుతుంది నాయనా. కల్తీ పెట్రోలు, మే నెల ఎండ, సర్వీసు వాయిదా వేసే ఓనరు, లక్షన్నర కిలోమీటర్ల అరుగుదల, వీటన్నిటికీ కలిపి వదులుతుంది. మన ఊళ్ళో ఇవన్నీ ఒకేసారి వస్తాయి. మే నెల మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్‌లో బయల్దేరి బేగంపేట దాటేసరికి ఇంటర్‌కూలరు బాగా వేడెక్కి ఉంటుంది. లోపలికెళ్ళే గాలి వేడెక్కితే నాకింగ్ మొదలవుతుంది, అంటే పెట్రోలు స్పార్కు చెప్పినట్టు కాకుండా తనంతట తాను అంటుకోవడం. ఈసీయూ భయపడి స్పార్కుని వెనక్కి జరుపుతుంది, పెరిగిన పవరు అక్కడే ఆవిరి. పైగా మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. అదే ఒత్తిడి తేవడానికి టర్బో ఇంకాస్త ఎక్కువ తిరగాలి. ఏసీ గదిలో పెద్ద ఫ్యాను పెట్టి తీసిన మొదటి డైనో రన్ నంబరుకీ దీనికీ సంబంధం ఏముంది? మన డెమో మెషీన్లో అన్నీ పనిచేసినట్టే అది కూడా.

పెట్రోలు ఇంకో తలనొప్పి. 2025కల్లా దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వచ్చేసింది. ఇథనాల్ నాకింగ్‌ని తట్టుకుంటుంది, అది మంచిదే. కానీ లీటరుకి శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి అదే పనికి ఎక్కువ ఇంధనం పంపాలి. 2017లో తయారైన కారు ఈ ఇరవై శాతం కోసం పుట్టినది కాదు. దాని మీద బూస్టు కూడా పెంచితే ఫ్యూయల్ పంపు మీద రెండు బరువులు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఆక్టేన్ 100 పెట్రోలు తెచ్చింది, బాగుంది. మరి మీ మ్యాపు ఏ పెట్రోలుకి రాశారు? విదేశీ ఫైలుని పేరు మార్చి అమ్ముతున్నారా, ఇక్కడి బంకు పెట్రోలు మీద లాగ్ తీసి రాశారా? తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇంకో అపోహ కూడా వింటుంటా. "బీఎండబ్ల్యూ 320ఐ, 330ఐ ఒకే ఇంజన్, సాఫ్ట్‌వేరే తేడా" అని. బీ48 కుటుంబం వరకు ఒకటే. కానీ 184 హార్స్‌పవరు 320ఐలో కంప్రెషన్ రేషియో 11, 258 హార్స్‌పవరు 330ఐలో 10.2. అంటే లోపల వస్తువులే వేరు. స్పెక్ షీటు చదవకుండా ఆర్కిటెక్చర్ మీద అభిప్రాయం చెప్పేవాళ్ళు మన ఫీల్డులోనే అనుకున్నా ఇన్నాళ్ళూ.

కంపెనీలు మాత్రం పతివ్రతలా అంటే కాదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో టెస్టు బెంచి మీద ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేరు దొరికింది, ప్రపంచమంతా కలిపి కోటి పది లక్షల కార్లు. 2022లో మెర్సిడెస్ వాళ్ళు అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లకి ఏడాదికి 1,200 డాలర్లు కడితే పికప్ పెంచుతామన్నారు. అదీ స్టేజ్ వనే, కాకపోతే కంపెనీ చేసింది, వారంటీ ఉంది. కాబట్టి తాళం తీయడం పాపమని నేను అనట్లేదు. తాళం ఎందుకు వేశారో తెలుసుకుని తీయండి అంటున్నా.

చట్టం సంగతి చాలామంది అసలు పట్టించుకోరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పుల గురించే. బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. ఫైలు మార్చింది ట్రాఫిక్ పోలీసుకి కనిపించదు, నిజమే. మోత మోగే ఎగ్జాస్టు వినిపిస్తుంది. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరుకి రెండూ కనిపించొచ్చు, మీరు ముందు చెప్పలేదన్నదీ అప్పుడే గుర్తుకొస్తుంది.

అందరికంటే బాగా చెప్పింది తమ్ముడి వీధిలోని మెకానిక్. పెద్దాయన, కంప్యూటర్ ముట్టుకోడు. అంతా విని "గాడీ ఉరుకుడు సంగతి తర్వాత సార్, ఆగుడు సంగతి చూడుండ్రి ముందు" అన్నాడు. చూస్తే టైర్ల మీద నాలుగంకెల తేదీ 2317. అంటే 2017లో 23వ వారం, బండితో పాటు వచ్చినవే! బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో రికార్డే లేదు. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకుంటే 155కే మరుగుతుంది. మరిగితే పెడల్ నేలకంటుతుంది. వంద నుంచి 120కి వెళ్తే బ్రేకులు మింగాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది, ఇది హైస్కూలు ఫిజిక్సు. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి కారు పడి కింద రోడ్డు మీదున్న ఒకావిడ చనిపోయింది. తెరిచి మూడు వారాలైనా కాని ఆ ఫ్లైఓవర్ మీద పరిమితి 40. మన రోడ్లకు కొరవడింది పవరు అని ఆ తర్వాత కూడా ఎవరైనా అంటే నేనేం చెప్పను?

అందుకని తమ్ముడికి నేను చెప్పింది ఇదీ. ఆ డబ్బుతో ముందు నాలుగు కొత్త టైర్లు, బ్రేకు ఆయిలు, ప్లగ్గులు, కూలెంటు. పక్కనే రాణిగంజ్‌లో స్పేర్ పార్టులకు కొదవ లేదు, కానీ ప్లగ్గులు బిల్లుతో కొను, నకిలీవి అసలుకంటే అందంగా ఉంటాయి. ఈ గేరుబాక్సున్న బండికి స్టేజ్ వన్ వద్దు. అంత సరదాగా ఉంటే రేపెప్పుడైనా ఆయిల్ క్లచ్ డీఎస్‌జీ ఉన్న 2.0 లీటర్ల బండో, వీఆర్ఎసో కొన్నాక చూద్దాం. 2017 వీఆర్ఎస్‌లో కంపెనీయే 350 న్యూటన్ మీటర్లు ఇచ్చింది, ఆరు గేర్ల డీఎస్‌జీ దానికి తగ్గట్టే ఉంది. ఇంకో మాట, సెకండ్‌హ్యాండ్ కాబట్టి ముందున్న ఓనరు ఇప్పటికే మ్యాపు మార్చేశాడేమో చూడు. ఈసీయూలోని ఫైలు చదివి కంపెనీ ఫైలుతో పోల్చమను, ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో కూడా తెలుస్తుంది. మావాడికి ఈ ఆలోచనే రాలేదు.

మీలో ఎవరైనా చేయించుకుంటానంటే ట్యూనర్‌ని ఇవి అడగండి. ఏయే పట్టికలు మార్చావు? గేరుబాక్సుకి చెప్పే టార్కు నిజమేనా? ఏ కోడ్లు మ్యూట్ చేశావు? ఏ పెట్రోలు మీద టెస్ట్ చేశావు? వరసగా ఐదు రన్లు తీసి ఒక్కో సిలిండరుకి స్పార్కు ఎంత వెనక్కి జరిగిందో, లోపలికెళ్ళే గాలి వేడి ఎంతో లాగ్ ఇస్తావా? మంచి ట్యూనర్లకి ఈ ప్రశ్నలంటే ఇష్టం, గంటసేపు కూర్చోబెట్టి చెప్తారు. "అవన్నీ మీకెందుకు సార్, నమ్మండి" అన్నాడంటే తాళంచెవి తీసుకుని వచ్చేయండి.

ఒరిజినల్ ఫైలు కాపీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, అతని లాప్‌టాప్‌లో కాదు. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టనిచ్చే మేనేజరు మీ ఆఫీసులో ఉంటే చెప్పండి, రెజ్యూమె పంపిస్తా :)