అమ్మమ్మ ఇంటి బొమ్మల బుట్ట

బడికి సెలవులిచ్చారంటే చాలు, అమ్మమ్మల ఇళ్ళకీ నానమ్మల ఇళ్ళకీ కళ వచ్చేస్తుంది. జంతికలు, సున్నుండలు డబ్బాల్లోకి ఎక్కుతాయి. పరుపులు ఎండలో పడతాయి. పిల్లలు తినడానికీ పడుకోవడానికీ అన్నీ అమరుస్తాం. మరి ఆడుకోవడానికి? రెండోరోజుకల్లా "ఏం తోచట్లేదు అమ్మమ్మా" అంటూ సెల్‌ఫోన్ కోసం చెయ్యి చాపుతారు. తాతయ్యగారు బజారుకెళ్ళి చేతికందిన బొమ్మ పట్టుకొస్తారు. సాయంత్రానికి అది విరిగైనా పోతుంది, లేదా దానికోసం కొడుకు పిల్లలూ కూతురు పిల్లలూ జుట్లైనా పట్టుకుంటారు!

ఈ హైరానా లేకుండా, వాళ్ళు రాకముందే ఒక బుట్ట సిద్ధం చేసుకోండి. అందులోవి ఇంట్లోనే ఉండిపోయే బొమ్మలు. ఎవరూ వెంట తీసుకెళ్ళరు. ఏ ఒక్కరివీ కావు, అందరివీ. "వాడికి కొన్నావు, నాకు కొనలేదు" అనే మాట రాదు. కూతురో కోడలో మనసు కష్టపెట్టుకునే అవసరమూ ఉండదు. వెదురుబుట్టయినా అట్టపెట్టెయినా ఫరవాలేదు కానీ, పాత ట్రంకుపెట్టె మాత్రం వద్దు. బరువైన మూత పిల్లల వేళ్ళమీదా మెడమీదా పడుతుంది.

అందులో ఏం వెయ్యాలన్నది వచ్చేవాళ్ళలో అందరికన్నా చిన్నవాణ్ణి చూసి నిర్ణయించండి. మూడేళ్ళలోపు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. ఒకటింపావు అంగుళం వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువేదైనా వాళ్ళ గొంతుకి అడ్డంపడే ప్రమాదం ఉంది. గోళీలు, పూసలు, గవ్వలు, చింతపిక్కలు అన్నీ ఆ లెక్కలోవే. పగిలిన బెలూన్ ముక్కలు కూడా వెంటనే ఏరి పారెయ్యండి.

అన్నిటికన్నా భయపడాల్సింది బిళ్ళలాంటి బటన్ బ్యాటరీకి. లైట్లు వెలిగే బొమ్మల్లో, కొన్ని చిన్న రిమోట్లలో ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చెయ్యగలదు. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. జి.ఐ. గుర్తింపు పొందిన హస్తకళల బొమ్మలకి మాత్రం మినహాయింపు ఉంది. 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మలు అలాంటివే. అంకుడుకర్రను తరిణి పట్టి, లక్కలో చెట్టుచేమల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. మొనలూ అంచులూ లేకుండా నున్నగా ఉంటాయి. లక్కపిడతల సెట్టు కొంటే బుల్లి గరిటెలు, మూతలు విడిగా తీసి దాచి, మూడేళ్ళు దాటినవాళ్ళకే ఇవ్వండి.

కొండపల్లి బొమ్మల సంగతి వేరు. తేలికైన పొణికి చెక్కతో విడివిడిగా చేసిన భాగాలను అతికించి రంగులు వేస్తారు. సంక్రాంతి కొలువులో పెట్టి చూపించాల్సినవే కానీ, పసివాళ్ళ నోటికి అందనివ్వకూడదు.

మరీ చిన్నవాళ్ళకి కొనే పనే లేదు. రెండు స్టీలు గిన్నెలు, ఒక చెక్క గరిటె ఇస్తే గంటసేపు వాయిస్తారు. మన చెవులు కాస్త ఓర్చుకోవాలి, అంతే! నాలుగైదేళ్ళవాళ్ళకి ఒక బంతి, పలక, సుద్దముక్కలు, ఒకదానిమీద ఒకటి పేర్చుకునే చెక్కముక్కలు చాలు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి వైకుంఠపాళి పటం, వామనగుంటల పీట, నాలుగు గవ్వలు ఉంచండి. అష్టాచెమ్మాకి గచ్చుమీద సుద్దతో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళు గీస్తే సరి. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట అని మీరే నేర్పండి. ఈ ఆటలు చంటివాడు నిద్రపోయాక పెట్టండి. అయ్యాక గవ్వలు, పిక్కలు లెక్కపెట్టి మూత బిగించిన డబ్బాలో వేసి పైఅరలో పెట్టండి.

ఇంకొక్క మాట. బొమ్మ ఎంచుకునేటప్పుడు "దీంతో నేను కూడా ఆడగలనా?" అని చూసుకోండి. మీట నొక్కితే తిరిగే కారుని పిల్లవాడు ఒక్కడే చూస్తూ కూర్చుంటాడు. అష్టాచెమ్మాకి మాత్రం పక్కన ఇంకో మనిషి కావాలి. మోకాళ్ళ నొప్పులైతే మీ పంట కుర్చీలో కూర్చునే వెయ్యండి, కాయలు జరపడానికి మనవరాలుందిగా!

పిల్లలు ఊరెళ్ళాక బొమ్మలన్నీ ఒకసారి చూడండి. విరిగినవి తీసెయ్యండి. ప్లాస్టిక్‌వి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. లక్కవి నానబెట్టకుండా పొడిబట్టతో తుడవండి. బ్యాటరీలు తీసి దాచండి. మళ్ళీ సెలవులకి బుట్ట తయారుగా ఉంటుంది. వచ్చేసారి చిన్నవాడు ఒక ఏడు పెరిగి ఉంటాడు కాబట్టి, వాడికి తగ్గది ఒక్కటి కలిపితే చాలు.