గాబరాకు మందేది?

"టెన్షన్ తీసుకోకు తల్లీ."

బస్తీ ఆడవాళ్ళకు దొరుకుతున్న మానసిక వైద్యం ఈ మాటతో మొదలై ఈ మాటతోనే ముగుస్తోంది. పైన ఒక సూది, నాలుగు బిళ్ళలు. మాదన్నపేట మండి దగ్గర తెల్లవారకముందే కూరగాయల గంపలు దించుకునే ఆమెకూ ఇదే చెబుతారు, పక్క సందులో కిటికీ వెలుతురులో గాజులకు రాళ్ళు అతికించే ఆమెకూ ఇదే చెబుతారు. టెన్షన్ ఏమైనా ఉచితంగా పంచుతున్నారా, వద్దంటే మానుకోవడానికి!

ఆ ఇద్దరి మాటలూ ఒకసారి వినండి. ఒకామె "గాబరైతది అక్కా" అంటుంది. రెండో ఆమె దక్కనీలో "ఘబ్రాహట్ హోతీ" అంటుంది. ఒకే మాట! ఒకరు తెల్లబట్ట అంటే ఇంకొకరు సఫేద్ పానీ అంటారు. ఒకరు నీరసం అంటే ఇంకొకరు కమ్‌జోరీ అంటారు. పాతనగరంలో గుడికీ మసీదుకీ మధ్య గీతలు గీసేవాళ్ళు గీస్తూనే ఉన్నారు గానీ, ఆడవాళ్ళ ఒంటి నొప్పులు మాత్రం ఒకే భాష మాట్లాడుతున్నాయి.

ఈ నొప్పులు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళితే ఏమవుతుంది? మొదట బి-కాంప్లెక్స్. తగ్గకపోతే నిద్రమాత్ర. తర్వాత స్కానింగు. చివరికి "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచి తీసేస్తే పీడ పోతుంది." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి దాదాపు ముగ్గురు. తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మన గర్భసంచులకే ఇంత జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? గోవాలో విక్రమ్ పటేల్ బృందం తెల్లబట్టతో బాధపడుతున్న స్త్రీలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఆ బాధకు ఇన్‌ఫెక్షన్‌తో కన్నా దిగులుతో, అలసటతో, ఇంట్లో ఎదుర్కొంటున్న కష్టాలతో ఎక్కువ సంబంధం కనబడింది. అంటే పరీక్షలు అక్కర్లేదని కాదు. పరీక్ష చేయాల్సిందే. కానీ ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషిని "ఇంట్లో ఎలా ఉందమ్మా?" అని ఒక్కమాట కూడా అడగకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించే చదువు ఏం చదువు?

ఇటు ఇలా ఉంటే, నగరానికి ఆ చివర మరో వ్యాపారం పుట్టింది. పేరు హోలిస్టిక్ హీలింగ్. ఏసీ హాలు, అగరుబత్తి వాసన, రెండు రోజులకు వేలల్లో ఫీజు. మనసూ శరీరమూ ఒకటేనని, స్త్రీ తనను తాను ప్రేమించుకోవాలని అక్కడ బోధిస్తారు. మంచి మాటలే. కానీ ఆ అగరుబత్తి చుట్టిన చేతుల నడుమునొప్పి సంగతి ఆ హాలులో ఎవరికీ గుర్తురాదు. మనిషిని మొత్తంగా చూడడం అంటే ఆమె కూలీని, అద్దెను, మొగుడి తాగుడిని, నీళ్ళ కోసం మేలుకునే రాత్రిని కూడా కలిపి చూడాలి గదా!

మనకు వేరే దారి తెలుసు. కొత్తదేమీ కాదు. 1985లో హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను, అది ప్రయోగమని సరిగ్గా చెప్పకుండానే పేద స్త్రీల మీద ప్రయోగించబోయారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి ఆ స్త్రీలతో మాట్లాడారు. 1986లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. అదే కాలపు స్త్రీలు గుండ్రంగా కూర్చుని తమ శరీరాల గురించి తామే అడుగుతూ, చదువుతూ, వైద్యులను నిలదీస్తూ తయారుచేసిన పుస్తకమే 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు'. 2002 నుంచి పాతనగరంలోనే, సుల్తాన్‌షాహీలో జమీలా నిషాత్ మొదలుపెట్టిన షాహీన్ సంస్థ హింసకు గురైన స్త్రీలను ఒకచోట చేర్చుతోంది. ఎవరి బాధ వాళ్ళు మూలన కూర్చుని మింగితే జబ్బవుతుందనీ, నలుగురిలో చెప్పుకుంటే అది ప్రశ్నగా మారుతుందనీ వీళ్ళంతా చేసి చూపించారు.

మాదన్నపేటలో మేం చేస్తున్నది దానికన్నా చాలా చిన్నది. వారానికో మధ్యాహ్నం, వంటా గిన్నెలూ అయి పిల్లలు బడి నుంచి రాకముందు దొరికే గంటన్నర. ఒకరి ముందుగదిలో చాప. పదిమంది ఉంటే ఎక్కువ. మొదట్లో అందరూ మోకాళ్ళ నొప్పుల గురించే చెప్పారు. మూడో వారమో నాలుగో వారమో ఒకామె, "రాత్రి ఆయన అడుగుల చప్పుడు వింటే నాకు చెమటలు పడతయి" అంది. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్నామె ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఆమెకు రక్తహీనత ఉందని ఆ మీదట పరీక్షలో తేలింది. మాత్రలు వాడింది. ఠాణాకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు నలుగురం వెంట వెళ్ళాం. ఏది ఆమెను నిలబెట్టిందని అడిగితే నేను చెప్పలేను. ఐరన్ మాత్రా? ఆ నలుగురా? రెండూ కావాలి.

ఇదంతా అక్కాచెల్లెళ్ళ అనురాగమని మురిసిపోవద్దు. మా చాప మీదే ఒకసారి, పుట్టింటికి వచ్చేసిన ఓ పిల్లకు "సర్దుకుపో బిడ్డా, మేమందరం సర్దుకోలేదా" అని చెప్పి పంపించాం. నేనూ అక్కడే ఉన్నాను, నోరెత్తలేదు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇంకోసారి ఇక్కడ చెప్పిన మాట సాయంత్రానికల్లా అత్తగారి చెవిన పడింది. ఆడవాళ్ళు కలిసి కూర్చున్నంత మాత్రాన పితృస్వామ్యం గడప బయట చెప్పులతోపాటు ఆగిపోదు. అందుకే ఇప్పుడు మాకు రెండు కట్టుబాట్లున్నాయి. ఇక్కడి మాట బయటికి పోకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. రెండోది పాటించడం చాలా కష్టం, నమ్మండి!

2012 ఏప్రిల్‌లో మాదన్నపేట, సైదాబాద్‌లలో గొడవలు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పటి సంగతి మా వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజులు తలచుకుంటే కొందరికి ఇప్పటికీ గుండె దడే. దీనికి ఏ బిళ్ళ రాస్తారు? రెండు మతాల ఆడవాళ్ళు ఒకే చాప మీద కూర్చోవడమే దానికి వైద్యం. వీధిలో భయం పోనిదే ఛాతీలో బరువు దిగదు.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. మా కూటమి గురించి విన్న పెద్దలు తెగ మెచ్చుకుంటారు. "ఎంత బాగుంది! మీలో మీరే నయం చేసుకుంటున్నారు, ఖర్చే లేదు." ఈ మెచ్చుకోలులోనే మోసం ఉంది. ఖర్చు లేదని ఎవరన్నారు? ఆ గంటన్నరలో అతికించని గాజుల కూలీ ఎవరిది? స్త్రీల ఓర్పును, జాలిని ఊరికే దొరికే మందుగా రాసుకుని, డాక్టర్ల ఖాళీలు నింపకుండా తప్పుకుందామనుకుంటే ఊరుకోం. ఆశా కార్యకర్తలనూ ఇలాగే "సేవ" పేరుతో పారితోషికాల మీద నడిపించారు. 2015లో తెలంగాణలో వాళ్ళు సమ్మెకు దిగాల్సి వచ్చింది.

జింబాబ్వేలో 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు హరారే క్లినిక్‌ల ఆవరణలో బెంచీలు వేయించాడు. వాటి మీద అమ్మమ్మల వయసు ఆరోగ్య కార్యకర్తలు కూర్చుని, మనవాళ్ళ భాషలో "ఆలోచనలు ఎక్కువైన" వాళ్ళతో మాట్లాడారు. 2016లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత దిగులు లక్షణాలు మామూలు వైద్యం పొందిన వాళ్ళలో నూటికి 50 మందికి మిగిలితే, బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో 14 మందికే మిగిలాయి. ఈ కథను మన అధికారులు "మాట్లాడితే చాలు" అని చదువుతారు. ఆ బెంచీ క్లినిక్ ఆవరణలో ఉంది, ఆ అమ్మమ్మలు నగర ఆరోగ్య సేవల్లో శిక్షణ పొందినవాళ్ళు, పరిస్థితి చేయిదాటితే పైవాళ్ళకు అప్పగించే ఏర్పాటుంది. ఇవేవీ లేకుండా చాప ఒక్కటే ఉంటే చాలదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. దాని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యసేవలు పొందడం ప్రతి మనిషి హక్కు. 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలున్నాయి. కాబట్టి మేం అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలేమీ కావు. దవాఖానాలో వారానికి ఒక పూట మాకు ఒక గది. మగవాళ్ళు తలుపు తోసుకుని రాని గది. మాలో ఇద్దరికి శిక్షణ, ఆ పనికి కూలీ. నిద్రమాత్ర రాసేముందు ఇంటి సంగతి అడిగే డాక్టరు. అవసరమైతే పెద్దాసుపత్రికి చీటీ, అక్కడ తెలుగూ దక్కనీ రెండూ అర్థమయ్యే మనిషి.

అర్జీ రెండు భాషల్లోనూ రాశాం. మొదటి సంతకం గాజులామెది, రెండోది మండి ఆమె వేలిముద్ర. మీ బస్తీలో ఇలాంటి చాప ఉంటే మాకు రాయండి, అర్జీ నకలు పంపిస్తాం.