కంప్యూటరు చదువులో గుండెకాయకే కరువు

ఇంజనీరింగు కౌన్సెలింగు రోజులు వచ్చాయంటే పల్లెల్లో రచ్చబండ దగ్గర ఒకటే మాట - "అబ్బాయికి కంప్యూటరు సీటు వచ్చిందా?" అని. సీటు వచ్చాక ఆ కంప్యూటరు గుండెకాయ సంగతి కాలేజీలో ఎంతవరకు చెబుతున్నారో విచారించే తల్లిదండ్రులు అరుదు.

ఆ గుండెకాయే ప్రాసెసరు. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా రూపొందించాలో చెప్పే పాఠమే కంప్యూటర్ ఆర్కిటెక్చర్. పేరు చూసి బెదరనవసరం లేదు. వరినాట్ల రోజున కొందరు నారు పీకుతారు, కొందరు కట్టలు మోస్తారు, కొందరు నాటుతారు. మూడు పనులూ ఒకేసారి సాగుతాయి. ప్రాసెసరు కూడా ఆజ్ఞలను తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అమలు జరపడం ఇలాగే ఏకకాలంలో సాగిస్తుంది. దీన్ని పైప్‌లైను అంటారు. కట్టలు అందకపోతే నాటే కూలీలు నిలబడిపోయినట్టే, ముందు లెక్క తేలకపోతే దాని మీద ఆధారపడిన వెనక లెక్క ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని తగ్గించడంలోనే ఇంజనీరు పనితనం. నాట్లు చూసి పెరిగిన పిల్లవాడికి ఇది పట్నం పిల్లవాడికన్నా త్వరగా తలకెక్కాలి.

ఎక్కడం లేదు. చాలా కాలేజీల్లో ఈ పాఠం నల్లబల్ల మీద మొదలై గైడు పుస్తకంలో ముగుస్తోంది. చెరువులో దించకుండా ఈత నేర్పినట్టుంది వ్యవహారం.

ఖర్చు అనే సాకు చెల్లదు. పేరున్న ప్రాసెసర్ల ఆజ్ఞల పట్టికలు కంపెనీల సొత్తు. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ మాత్రం ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది. దాని ఆధారంగానే మద్రాసు ఐఐటీ వారు 'శక్తి' ప్రాసెసర్లు రూపొందించారు. వాటిలో ఒకటి 2018లో చండీగఢ్ సమీపంలోని ఇస్రో సెమీకండక్టర్ లేబొరేటరీలో తయారైంది. మన కాలేజీలు చిప్పు చేయించనక్కరలేదు. మామూలు కంప్యూటరులో ఉచిత సాఫ్టువేరుతో చిన్న ప్రాసెసరును రాసి నడిపి చూడవచ్చు. నలుగురికి ఒకటి చొప్పున ఎఫ్‌పీజీఏ బోర్డులు కొంటే ఇంకా మేలు. కాలేజీ ముఖద్వారానికి వేయించే రంగులకు దొరికే డబ్బు వీటికి దొరకదా?

హైదరాబాదులో ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి సంస్థల చిప్ డిజైన్ కార్యాలయాలున్నాయి. అక్కడ బట్టీ చదువు నిలబడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పల్లె విద్యార్థి బయట కోచింగు కొనుక్కోలేడు. కాలేజీలో నేర్పితేనే అతనికి దారి. కనుక విశ్వవిద్యాలయాలు రాతపరీక్షతో పాటు విద్యార్థి స్వయంగా చేసిన చిన్న ప్రాసెసరును చూసి మార్కులు వేయాలి. తనిఖీ బృందాలు ప్రయోగశాలలో బల్లలు లెక్కపెట్టుకుని వెళ్లకుండా, ఒక విద్యార్థిని పిలిచి నడిపించి చూడాలి. సీటు కోసం వెళ్లే తల్లిదండ్రులు హాస్టలు భోజనంతో పాటు ఆ గది తాళం కూడా తీయించి చూసుకోవాలి.